ఫిజిక్స్, వయొలిన్ రెండూ చదవాలి, విజయనగరంలో ఉండి కుదురుతుందా?

చీపురుపల్లి అమ్మాయి

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

నేను ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు. ఎనిమిదేళ్ల నుంచి వయొలిన్ నేర్చుకుంటున్నాను, వర్ణాలు దాటి కీర్తనల్లోకి వచ్చాను, ప్రతి ఆదివారం రైల్లో విజయనగరం వెళ్లి మాస్టారి దగ్గర పాఠం చెప్పించుకుని వస్తాను. డిగ్రీలో ఫిజిక్స్ చదవాలని ఉంది, సంగీతం కూడా చదవాలని ఉంది. ఒకటి చదువు, ఇంకోటి ఖాళీ దొరికినప్పుడు అన్నట్టు కాదు, రెండూ చదువులాగే చదవాలి. అది అయ్యే పనేనా అన్నదే నా ప్రశ్న.

ఇంత పట్టుగా ఎందుకు అడుగుతున్నానంటే, ఒకసారి వదిలేసి చూశాను కాబట్టి. ఫస్టియర్ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో వేశారు. అక్కడ వయొలిన్ పెట్టుకోనివ్వలేదు, పక్కవాళ్ల చదువు పాడవుతుందన్నారు. పొద్దున్న ఐదున్నర నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్లే. దసరా సెలవులకి ఇంటికొచ్చి పెట్టె తీసి, శ్రుతి చేసుకుని సరళీ స్వరాలు మొదలుపెడితే పది నిమిషాలకే ఎడమచేతి వేళ్లు మండిపోయాయి. చూసుకుంటే ఇన్నేళ్లుగా వేలికొసల మీద కట్టిన కాయలు మెత్తబడి మామూలు చర్మం అయిపోయింది. ఆ రాత్రి చాలా ఏడ్చాను. మార్కులు బాగానే వచ్చాయి, కానీ సెకండియర్‌కి మొండికేసి ఇంటికి వచ్చేసి ఇక్కడే జూనియర్ కాలేజీలో చేరాను.

ఇంకో సంగతి మొన్న ల్యాబ్‌లో జరిగింది. సోనోమీటర్ ప్రయోగం తెలుసు కదా, తీగ మీద చిన్న కాగితం ముక్క మడిచి పెట్టి, శ్రుతిదండం మోగించి పెట్టెకి ఆనిస్తే, తీగ పొడవు సరిగ్గా కుదిరినప్పుడు కాగితం ఎగిరి పడుతుంది. అది చూడగానే నాకు వయొలినే గుర్తొచ్చింది. ఇంటికొచ్చి అలాగే కాగితం మడిచి మధ్య షడ్జం (స) తీగ మీద సరిగ్గా మధ్యలో పెట్టి, పక్కనున్న పంచమం (ప) తీగ మీద తారషడ్జం, అంటే పై స, వాయించాను. కాగితం కదల్లేదు. శ్రుతి తప్పుతోందేమో అని మళ్లీ మళ్లీ వాయించాను, ఊహూ. చివరికి కాగితాన్ని తీగలో పావు వంతు దగ్గరికి జరిపి వాయిస్తే ఒక్కసారిగా ఎగిరి కిందపడింది. వేలు వెంట్రుకవాసి అటూ ఇటూ అయితే పడదు, సరిగ్గా షడ్జం మీద నిలబడితేనే పడుతుంది. మాస్టారు పక్కన కూర్చుని "ఆ, అదీ" అన్నట్టే ఉంది నాకు. మధ్యలో పెడితే ఎందుకు పడలేదో మాత్రం తెలీలేదు. లెక్చరర్ గారిని అడిగితే సిలబస్‌లో లేదు, పరీక్షలయ్యాక చూద్దాం అన్నారు.

ఇంట్లో సంగతి చెప్పాలి. నాన్న ఇంజనీరింగ్ చెయ్యమంటున్నారు, కంప్యూటర్స్ అయితే ఉద్యోగం ఖాయం అంటున్నారు, వయొలిన్ మానేయమని మాత్రం ఎప్పుడూ అనలేదు. అమ్మ నా వైపే, కానీ పైకి అనదు. నానమ్మకే అసలు ఇష్టం లేదు. మా తాతయ్య పద్యనాటకాలకి హార్మోనియం వాయించేవారు. "ఆ పెట్టి వాయించి మీ తాత ఏటి తెచ్చాడో నన్నడుగు, సదువుకునే గుంటవి సదువుకో" అంటుంది. ఆవిడ పడ్డ కష్టం తెలుసు కాబట్టి ఎదురు చెప్పలేను.

బీఎస్సీ ఫిజిక్స్‌లో చేరి, సంగీత కళాశాలలో కూడా చేరవచ్చా? అలా చేసినవాళ్లు ఎవరైనా ఉన్నారా? రెండూ కలిపి ఒకే డిగ్రీగా ఎక్కడైనా ఉందా? రెండు పడవల మీద కాళ్లు అనే మాట ఇంట్లో రోజూ వింటున్నాను, దయచేసి మీరు అనకండి.

గజపతినగరం టీచర్

చెల్లీ, ముందు నీ కాగితం లెక్క తేల్చేద్దాం, కాలేజీల సంగతి తర్వాత.

తారషడ్జం అంటే మధ్య షడ్జానికి సరిగ్గా రెట్టింపు ఫ్రీక్వెన్సీ. నీ షడ్జం తీగ ఆ వేగంతో ఊగాలంటే మొత్తం ఒకే ముక్కగా ఊగితే కుదరదు, రెండు సగాలుగా ఊగాలి, ఒక సగం పైకి లేస్తే రెండో సగం కిందికి దిగుతుంది. ఆ రెండూ కలిసే చోటు, అంటే సరిగ్గా మధ్య, కదలకుండా నిలబడిపోతుంది. దాన్నే మన పుస్తకాల్లో అస్పందన బిందువు అంటారు. పావు వంతు దగ్గర ఊపు అన్నిటికంటే ఎక్కువ. కాబట్టి నీ వేలు మొదటిసారే సరిగ్గా పడి ఉంటుంది తల్లీ, నువ్వు కాగితం పెట్టింది కదలని చోట, అంతే. ఇప్పుడు ఇంకోటి చెయ్యి. అదే పంచమం తీగ మీద సగానికి వేలు పెట్టి తార పంచమం వాయించు. అది షడ్జానికి మూడు రెట్లు. ఈసారి షడ్జం తీగ మూడు ముక్కలుగా ఊగుతుంది, అంటే మధ్యలో పెట్టిన కాగితం ఎగరాలి, మూడో వంతు దగ్గర పెట్టింది కదలకూడదు. చేసి చూసి ఇక్కడ రాయి.

ఇక నీ ప్రశ్న. చేసినవాళ్లు ఉన్నారా అన్నావు, నేనున్నాను. 2004 నుంచి 2007 దాకా విజయనగరంలో బీఎస్సీ చదువుతూ సంగీత కళాశాలలో గాత్రం నేర్చుకున్నాను. ఇప్పుడు హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతున్నాను, సాయంత్రాలు ఇంటి దగ్గర పిల్లలకి పాట చెబుతాను.

మన మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల 1919లో మొదలైంది. మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. నువ్వు వయొలిన్ కాబట్టి ఇంకో మాట, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ఆ ఏడాదే అక్కడ వయొలిన్ చెప్పడానికి చేరి, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు చదివింది అక్కడే. నీకు రైల్లో అరగంట దూరంలో అలాంటి చోటు ఉంది, ఇంకెక్కడికో వెళ్లి వెతుక్కోనక్కర్లేదని నా గట్టి నమ్మకం.

అక్కడ సర్టిఫికెట్ కోర్సు నాలుగేళ్లు, దాని మీద డిప్లొమా రెండేళ్లు. నువ్వు కీర్తనల్లో ఉన్నావు కాబట్టి నిన్ను ఏ ఏడాదిలో కూర్చోబెడతారో వాళ్లు విని చెప్పాలి, వెళ్లి అడుగు. నాకు అప్పట్లో సాయంత్రం క్లాసు దొరికింది కాబట్టి సరిపోయింది, ఇప్పుడు వేళలు ఎలా ఉన్నాయో ఫోన్‌లో కాదు, స్వయంగా వెళ్లి కనుక్కో. రెండు చోట్లా ఒరిజినల్స్ అడుగుతారేమో, టీసీ ఎక్కడ పెట్టాలి అన్నది ముందే తేల్చుకో. నేను చేరినప్పుడు ఈ టీసీ గొడవతో నెల రోజులు తిరిగాను, ఆఖరికి ఒక గుమస్తా గారు దయతలచి దారి చూపించారు.

రూల్ సంగతి. ఇదివరకు రెండు రెగ్యులర్ డిగ్రీలు ఒకేసారి చదవకూడదు అనేవారు. 2022 ఏప్రిల్‌లో యూజీసీ దాన్ని మార్చింది. క్లాసు వేళలు ఒకదాని మీద ఒకటి పడకపోతే రెండు డిగ్రీలూ కాలేజీకి వెళ్లే చదవవచ్చు, లేదా ఒకటి కాలేజీలో, ఒకటి దూరవిద్యలో చదవవచ్చు. అయితే ఆ కాలేజీలూ, యూనివర్సిటీ కూడా ఒప్పుకోవాలి. పోతే, మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు), దానికి తోడు మైనర్ (రెండో సబ్జెక్టు) అన్న పద్ధతి వచ్చింది. ఫిజిక్స్ మేజర్ తీసుకుంటే మైనర్‌గా ఏమేం ఇస్తున్నారో కాలేజీ వారీగా చూసుకోవాలి. డిగ్రీ చేతిలో ఉండి సంగీతంలో డిప్లొమా కూడా ఉంటే తర్వాత ఎం.ఏ. మ్యూజిక్ వైపు వెళ్లే దారి ఉంటుంది, ఆంధ్రా యూనివర్సిటీలో మ్యూజిక్ డిపార్ట్‌మెంట్ ఉంది, నువ్వు చేరే ఏడాది నోటిఫికేషన్‌లో అర్హత చూసుకో. ఒకే కాగితం మీద ఫిజిక్స్, సంగీతం రెండూ రాసి ఉన్న డిగ్రీ కోసం మాత్రం వెతకకు. రెండు కాగితాలు తెచ్చుకో.

కష్టం దాచను. డిగ్రీ సెకండియర్‌లో ప్రాక్టికల్స్ సాయంత్రం ఐదు దాకా నడిచేవి, పాట క్లాసుకి సగం రోజులు ఆలస్యంగా వెళ్లేదాన్ని, ఒక ఏడాది సంగీతం పరీక్ష రాయనే లేదు. ఆరేళ్లలో అవ్వాల్సింది నాకు ఎనిమిదేళ్లు పట్టింది, డిప్లొమా చేతికొచ్చేసరికి ఉద్యోగం కూడా వచ్చేసింది. కానీ సాధన ఒక్కరోజు ఆపలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకి లేచి గంటన్నర. పరీక్షల ముందు రోజు కూడా అరగంటైనా పాడేదాన్ని. నీ వేళ్ల మీద కాయల గురించి రాశావు చూడు, అది చదివి నేను ఆగిపోయాను. గొంతుకీ అలాగే అవుతుంది. కాబట్టి ఎక్కడ చేరాలి అని కాకుండా, ఎక్కడ చేరితే రోజూ గంటన్నర వయొలిన్ పట్టుకోగలను అని లెక్క వేసుకో. హాస్టల్ అయితే ముందే అడుగు, వాద్యం పెట్టుకోనిస్తారా, వాయించుకోవడానికి గది ఉందా అని.

రాజాం నాన్న

అమ్మా, నేనూ ఇద్దరు ఆడపిల్లల తండ్రిని, పెద్దమ్మాయి కూచిపూడి నేర్చుకుంది. మీ నాన్నగారి మీద కోపం పెట్టుకోకు. ఎరువుల కొట్టో, వ్యవసాయమో, ఏదో ఒకటి చేసుకునే మా లాంటివాళ్లకి పిల్ల రేపు ఎవరి మీదా ఆధారపడకూడదు అన్నదే భయం. సంగీతం మీద ద్వేషం కాదు.

ఒకటి ఆలోచించు. ఇంజనీరింగ్ అంటే కంప్యూటర్సే కాదు కదా. ఎలక్ట్రానిక్స్ తీసుకుంటే సిగ్నల్స్ అని ఒక సబ్జెక్టు ఉంటుంది, నువ్వు చెప్పే ఈ ఫ్రీక్వెన్సీలూ అవీ అన్నీ దాంట్లోవే. గురజాడ గారి పేరుతో జేఎన్‌టీయూ విజయనగరంలోనే ఉంది, చుట్టుపక్కల ప్రైవేటు కాలేజీలూ ఉన్నాయి. ఈఏపీసెట్ మంచి ర్యాంకు తెచ్చుకుని ఊళ్లోనే సీటు వస్తే ఇంటి నుంచి వెళ్లి రావచ్చు, మాస్టారూ దూరం కారు, మీ నాన్నగారి మాటా నిలబడుతుంది. మా పెద్దమ్మాయి అలాగే చేసింది. ఇప్పటికీ పండక్కి ఊరొస్తే గజ్జె కడుతుంది, చూస్తుంటే నాకు కళ్ల నీళ్లు వస్తాయి.

బీఎస్సీ వద్దని కాదు. బీఎస్సీ తర్వాత ఏంటి అన్నదానికి నీ దగ్గర జవాబు ఉండాలి. మీ నాన్నగారు అడిగే ప్రశ్న అదే.

ఆమదాలవలస నుంచి మైసూరు

ఎవరూ చెప్పని దారి ఒకటి చెబుతాను, ఎందుకంటే నాకూ ఎవరూ చెప్పలేదు, రైల్లో పక్క సీట్లో కూర్చున్న ఒక పెద్దావిడ చెప్పారు.

నేను ఆడియాలజిస్టుని. వినికిడి పరీక్షలు చెయ్యడం, వినికిడి యంత్రాలు అమర్చడం, మాట రాని పిల్లలకి మాట నేర్పడం మా పని. కోర్సు పేరు బీఏఎస్ఎల్‌పీ, ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్లు. మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ అని 1965లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, ఎంట్రన్స్ రాసి అక్కడ చదివాను. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి, బైపీసీ వాళ్లకే అనుకుంటారు కానీ లెక్కలు చదివినవాళ్లూ రాయవచ్చు.

నేను చిన్నప్పుడు శ్రీకాకుళంలో పాట నేర్చుకున్నాను. ఆ చెవి ఇక్కడ రోజూ పనికొస్తుంది. పేషెంటు చెవికి 250 హెర్ట్జ్ నుంచి 8000 హెర్ట్జ్ దాకా ఒక్కో స్వరం వినిపిస్తూ, ఎంత మెల్లగా ఉన్నప్పుడు వినపడటం ఆగిపోతుందో గీత గీస్తాం. ఎక్కువ శబ్దంలో పనిచేసేవాళ్ల గీత చూస్తే 4000 దగ్గర గుంటలా పడుతుంది, మొదట దెబ్బతినేది ఆ ప్రాంతమే. డప్పు కళాకారులూ, బ్యాండు మేళం వాళ్లూ వచ్చినప్పుడు ఆ గుంట చూపించి చెవిలో పెట్టుకునే ప్లగ్గుల గురించి చెబుతాను. పాట తెలిసిన మనిషి చెబుతోందని వాళ్లకి తెలిస్తే ఇంకా శ్రద్ధగా వింటారు. వయొలిన్ వాయించేవాళ్లకి కూడా ఇది అవసరం, ఎడమ చెవికి వాద్యం దగ్గరగా ఉంటుంది కాబట్టి చిన్న గదిలో గంటల తరబడి గట్టిగా వాయించకు.

ఇంకో వైపు సినిమా శబ్దం. పూణెలో సినిమా, టీవీ పనులు నేర్పే ఎఫ్‌టీఐఐ సంస్థలో సౌండ్ కోర్సుకి ఏ డిగ్రీ అయినా సరే, ఇంటర్‌లో ఫిజిక్స్ మాత్రం ఉండాలి అంటారు. బీఎస్సీ ఫిజిక్స్, సంగీతం రెండూ ఉన్నవాళ్లకి అది అతికినట్టు సరిపోతుంది.

అయితే మైసూరు వెళ్లినప్పుడు నా పాట నాలుగేళ్లు ఆగిందమ్మా. అక్కడ కర్ణాటక సంగీతానికి కొదవలేదు, గురువులూ ఉన్నారు, నేనే వెతుక్కోలేదు. మొదటి సెమిస్టర్ కదా, తర్వాత చూద్దాం అనుకున్నాను. నువ్వు ఎక్కడికైనా వెళ్తే వెళ్లిన మొదటి నెలలోనే గురువుని వెతుక్కో.

పలాస మృదంగం

నేను ఒకప్పుడు మృదంగం వాయించేవాణ్ణి, ఇప్పుడు బెంగళూరులో ఆడియో సాఫ్ట్‌వేర్ పని. ఇంజనీరింగ్ చేసినవాణ్ణే, రాజాం బాబాయ్ చెప్పిన ఎలక్ట్రానిక్సే. కాబట్టి ఆ దారి ఎలా ఉంటుందో చెప్పగలను.

సబ్జెక్టు నిజంగా బాగుంటుంది. ఒకటి చెబుతాను. మామూలు డప్పు మూత కొడితే వచ్చే పై స్వరాలు లెక్కకి పొసగవు, మొదటిది 1 అనుకుంటే తర్వాతవి 1.59, 2.14 ఇలా ఉంటాయి, అందుకే డప్పుకి శ్రుతి చెప్పలేం. మృదంగం కుడి మూత మధ్యలో నల్లటి ముద్ద పూస్తారు చూడు, ఆ బరువు వల్ల అవే స్వరాలు 1, 2, 3, 4, 5 అని దాదాపు వరసలోకి వచ్చేస్తాయి, తీగ వాద్యంలో లాగా. దీన్ని సి.వి. రామన్ గారు 1920లోనే పరిశోధించి రాశారు, రామన్ ఎఫెక్ట్‌కి ఎనిమిదేళ్ల ముందు! ఆయన చిన్నప్పుడు పెరిగింది మన విశాఖలోనే, వాళ్ల నాన్నగారు ఏవీఎన్ కాలేజీలో లెక్చరర్. ఇది తెలిసిన రోజు నేను హాస్టల్ గదిలో ఒక్కణ్ణే కూర్చుని మూత మీద రవ్వంత ఉప్పు చల్లి వేలితో కొట్టి చూశాను, ఉప్పు గీతలుగా సర్దుకుంది. ఎవరికి చెప్పాలో తెలీలేదు, అమ్మకి ఫోన్ చేసి చెప్పాను.

ఈ రెండూ కలిపి పరిశోధన చేసేవాళ్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. 2011లో బార్సిలోనా యూనివర్సిటీ ఒకటి మొదలుపెట్టిన ప్రాజెక్టులో కర్ణాటక సంగీతాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించారు, రాగాన్ని, గమకాన్ని (స్వరాన్ని ఊపే తీరుని) ఎలా గుర్తుపట్టాలి అని, దాంట్లో ఐఐటీ మద్రాసు వాళ్లూ ఉన్నారు. అక్కడ అడిగేది ఫిజిక్సూ, లెక్కలూ, ప్రోగ్రామింగూ. కానీ గమకం అంటే ఏంటో చేత్తో తెలిసినవాళ్లు ఆ పని చేస్తే వేరుగా ఉంటుంది. నువ్వు ఆ రకం మనిషివి. రీసెర్చి మీద మనసుంటే బరంపురంలో ఐసర్ అని కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థ ఉంది, ఇచ్ఛాపురం దాటితే వచ్చేస్తుంది, ఐదేళ్ల బీఎస్-ఎంఎస్, ఐఏటీ అని ఎంట్రన్స్ రాయాలి. మన జిల్లాల పిల్లలు ఎందుకో దాని పేరే ఎత్తరు.

ఇక నా సంగతి. మృదంగం అటక మీద ఉంది. ఎవరూ మానేయమనలేదు. ఇంజనీరింగ్ మొదటి ఏడాది రోజూ, రెండో ఏడాది వారానికి రెండుసార్లు, మూడో ఏడాది పరీక్షలు, ప్లేస్‌మెంట్లు, అలా జారిపోయింది. నిరుడు సంక్రాంతికి దింపి చూస్తే ఎండకి మూత బిగిసిపోయి ఒక వార తెగింది. బాగు చేయించడానికి మనిషి కోసం ఊళ్లన్నీ తిరగాల్సి వచ్చింది. టీచర్ గారు చెప్పిన రోజుకి గంటన్నర మాట రాసి గోడకి అంటించుకో.

చీపురుపల్లి అమ్మాయి

అక్కా, చేశాను!! తార పంచమం వాయిస్తే మధ్యలో పెట్టిన కాగితం ఎగిరింది. మూడో వంతు దగ్గర పెట్టింది అలాగే కూర్చుంది. టేపు పెట్టి కొలిచి మరీ పెట్టాను. నాలుగుసార్లు చేశాను, నాన్నని పిలిచి చూపించాను. నాన్న కాసేపు ఏమీ అనలేదు, తర్వాత "ఇది మీ సారుకి చూపించావా" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు కానీ నాకు చాలా సంతోషం వేసింది.

రాజాం అంకుల్, మీ మాటలు నాన్నకి చదివి వినిపించాను. బీఎస్సీ తర్వాత ఏంటి అన్నదానికి ఇప్పుడు నా దగ్గర మూడు జవాబులున్నాయి, ఎమ్మెస్సీ, బీఈడీ, ఆ పూణె కోర్సు. మైసూరు అక్కా, మీ కోర్సు గురించి అమ్మ చాలా అడిగింది. మా ఊళ్లో పుట్టు చెవుడు ఉన్న బాబు ఒకడున్నాడు, వాణ్ణి ఎక్కడ చూపించాలో వేరే మెసేజ్‌లో అడుగుతాను.

పలాస అన్నయ్యా, మృదంగం బాగు చేయించారా లేదా చెప్పలేదు.

నానమ్మ మాత్రం మారలేదు. రేడియోలో వయొలిన్ వస్తే మాత్రం పని ఆపి వింటుంది, ఈ మధ్యే గమనించాను.

గొల్లపల్లి

మాది బొబ్బిలి దగ్గర గొల్లపల్లి, వీణలు చేసే ఊరు. మా ఇంట్లో డిగ్రీలు లేవు, నాకు చదువు గురించి చెప్పడం రాదు. కాగితం సంగతి చదివి రాస్తున్నాను.

మేం పనస దుంగని ఒకే ముక్కగా తొలిచి వీణ చేస్తాం, ఏకాండీ వీణ అంటారు. చివర్లో మైనం కరిగించి దాని మీద 24 మెట్లు నిలబెట్టాలి. కొలత కర్ర ఉంటుంది, కానీ కొలతతో పెట్టింది ఎప్పుడూ ఆఖరు కాదు. తీగ సగానికి పన్నెండో మెట్టు, అక్కడ పై షడ్జం పలకాలి. మూడింట రెండొంతులు మిగిలేచోట పంచమం. ఇవి లెక్క. ఆ తర్వాత మైనం వేడిగా ఉండగానే వాయిస్తూ, వింటూ ఒక్కో మెట్టు రవ్వంత జరుపుతాం, అది చెవి. మా నాన్న కొలతకి ఒకలా, చెవికి ఒకలా ఎందుకొస్తుందో చెప్పగలిగేవాడు కాదు. తీగని మెట్టు మీద నొక్కితే తీగ కొంచెం సాగి స్వరం పెరుగుతుంది, అందుకే అని ఈ మధ్య వచ్చిన ఒక సారు చెప్పారు. మీలాంటి పిల్లలు చదువుకుని ఇక్కడికి వచ్చి ఇలాంటివి చెబితే మాకు మంచిది. సెలవుల్లో రండి, మెట్లు వేసే రోజు చూపిస్తాం.

గజపతినగరం టీచర్

గొల్లపల్లి వారికి నమస్కారం. చెల్లీ, తప్పకుండా వెళ్లు, నేనూ వస్తాను.

డబ్బు విషయం నాన్నగారికి చెప్పడానికి ఒకటి. కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల కళాకారులకి స్కాలర్‌షిప్ ఇస్తుంది, నెలకి 5,000 చొప్పున రెండేళ్లు, కర్ణాటక వయొలిన్ దాంట్లో ఉంది. గురువు దగ్గర కనీసం కొన్నేళ్లు నేర్చుకుని ఉండాలి, నీకు ఆ ఇబ్బంది లేదు. పద్దెనిమిది నిండగానే నోటిఫికేషన్ కోసం చూస్తూ ఉండు. ఇంకొకటి, విశాఖ ఆకాశవాణిలో ఆడిషన్ ఇచ్చి గ్రేడ్ తెచ్చుకుంటే అది కూడా రేపు ఎక్కడికెళ్లినా చూపించుకోవచ్చు. కేంద్రీయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టుల ఆలోచన ఉంటే మాత్రం సంగీతంలో ఏ అర్హత అడుగుతున్నారో నోటిఫికేషన్‌లో ముందే చూసుకో.

నేను ఇలా చేస్తే బాగుంటుందంటాను. ఈఏపీసెట్ రాయి, ఐఏటీ కూడా రాయి, నాన్నగారి తృప్తి కోసమే కాదు, చేతిలో రెండు మూడు సీట్లు ఉంటే ధైర్యంగా ఉంటుంది. కానీ విజయనగరంలో ఫిజిక్స్ మేజర్‌తో సీటు, సంగీత కళాశాలలో సాయంత్రం క్లాసు, ఈ రెండూ కుదిరితే నేనైతే దాన్నే పట్టుకుంటాను. బీఎస్సీ అయ్యాక ఎక్కడికైనా వెళ్లవచ్చు, అప్పటికి నీ చేయి నిలబడి ఉంటుంది. పదిహేడు నుంచి ఇరవై దాకా చేయి నిలబడటం చాలా ముఖ్యం, నా దగ్గర నేర్చుకున్న పిల్లల్లో ఆ మూడేళ్లు పోగొట్టుకున్నవాళ్లు మళ్లీ వెనక్కి వచ్చింది ఇద్దరే.

చీపురుపల్లి అమ్మాయి

సోమవారం నాన్న నాతో విజయనగరం వస్తానన్నారు, డిగ్రీ కాలేజీకీ, సంగీత కళాశాలకీ రెండింటికీ. ఏమేం తీసుకెళ్లాలి అక్కా?

గజపతినగరం టీచర్

టెన్త్ మెమో, ఫస్టియర్ మార్కుల మెమో, కులం, ఆదాయం సర్టిఫికెట్లు అన్నీ జిరాక్సులు రెండు సెట్లు. ఒరిజినల్స్ చూపించడానికి మాత్రమే, ఎవరికీ ఇచ్చేయకు. రెండు చోట్లా క్లాసు వేళలు కాగితం మీద రాయించుకో. వయొలిన్ కూడా తీసుకెళ్లు, ఒక వర్ణం రెండు కాలాల్లో వాయించమంటే వాయించేలా ఉండు. తీగలు ఆదివారం రాత్రే మార్చుకో, కొత్త తీగ వెంటనే శ్రుతిలో నిలబడదు.